ఈఐకి ఆలస్యంగా దరఖాస్తు చేశారని పాత తేదీ ఇవ్వలేదా? అప్పీలు ఇలా చేయండి

కెనడాలో ఉద్యోగం పోయిన నాలుగు వారాల్లోపు ఈఐకి, అంటే ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్‌కు, దరఖాస్తు చేసుకోవాలని ఈఐ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ సర్వీస్ కెనడా చెబుతుంది. మనవాళ్లలో చాలామంది ఆ గడువు దాటాకే దరఖాస్తు పెడతారు. ఒకరు కంపెనీ పంపాల్సిన ఆర్‌ఓఈ (రికార్డ్ ఆఫ్ ఎంప్లాయ్‌మెంట్, అంటే పనిచేసిన కాలం, గంటలు చూపే కాగితం) కోసం ఎదురుచూస్తారు. ఒకరు సెవరెన్స్ డబ్బు, అంటే ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం, అయిపోయాక చూద్దాంలే అనుకుంటారు. ఇంకొకరు ఎలాగూ ఖాళీయే కదా, అమ్మానాన్నలను చూసి వద్దామని హైదరాబాదుకో విజయవాడకో టికెట్ తీసుకుంటారు. ఈఐ తీసుకుంటే పీఆర్‌కు, అంటే శాశ్వత నివాస హోదాకు, అడ్డం వస్తుందని ఎవరో చెబితే భయపడి ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. తీరా దరఖాస్తు పెట్టి, ఉద్యోగం పోయిన వారం నుంచే లెక్క కట్టమని అడిగితే, ఆలస్యానికి తగిన కారణం చూపలేదంటూ ఉత్తరం వస్తుంది.

ఆ ఉత్తరం చివరి మాట కాదు. దానిపై మళ్లీ పరిశీలించమని అడగవచ్చు, ఆ తర్వాత ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. రెంటికీ ఫీజు లేదు, లాయరు ఉండితీరాలన్న నియమమూ లేదు. అయినా న్యాయమైన కేసులు కూడా ఓడిపోవడం చూస్తూనే ఉంటాం. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. దరఖాస్తుదారు తన కష్టం ఎంత పెద్దదో రాస్తాడు. అధికారి మాత్రం ఆలస్యమైన రోజుల్లో ప్రతి రోజుకూ సమాధానం వెతుకుతాడు. ఆ సమాధానం కాగితం మీద కనబడేలా చేయడమే మీ పని అంతా.

ముందు లెక్క చూసుకోండి

పాత తేదీ నుంచి క్లెయిమును లెక్కించమని అడగడాన్ని యాంటీడేట్ అంటారు. అది దొరకడం వల్ల మీకు నిజంగా ఎంత లాభమో ముందే తెలుసుకోండి, ఎందుకంటే అందరికీ ఒకే లాభం ఉండదు.

క్లెయిము మొదలైన తేదీకి ముందు 52 వారాల్లో మీరు పనిచేసిన గంటలను బట్టి అర్హత తేలుతుంది. మీ ప్రాంతంలో నిరుద్యోగ రేటును బట్టి 420 నుంచి 700 గంటల వరకు కావాలి. ఇప్పుడు వారానికి 40 గంటలు పనిచేసిన ఒక వ్యక్తిని తీసుకోండి. ఉద్యోగం పోయిన వెంటనే దరఖాస్తు చేస్తే వెనక 52 వారాల్లో 2,080 గంటలు ఉంటాయి. ఆరు నెలలు ఆగితే అందులో సగమే మిగులుతాయి. 42 వారాలు ఆగితే లెక్కలోకి వచ్చేది పది వారాల పనే, అంటే 400 గంటలు. ఏ ప్రాంతంలో ఉన్నా అది చాలదు. నిన్నటిదాకా పూర్తి అర్హత ఉన్న మనిషి ఏమీ రానివాడైపోతాడు. మీది ఇలాంటి పరిస్థితి అయితే సాధారణంగా యాంటీడేట్ తప్ప మరో దారి ఉండదు, గట్టిగా పోరాడండి.

ఆలస్యం రెండు మూడు నెలలే అయి, మీకింకా ఉద్యోగం దొరకకపోతే పరిస్థితి వేరు. గంటలు సరిపోతుంటే డబ్బు కొంచెం ఆలస్యంగా మొదలవుతుంది, వచ్చే వారాల సంఖ్య కొంత తగ్గవచ్చు. అదే ఈలోగా కొత్త ఉద్యోగంలో చేరిపోయి ఉంటే, ఖాళీగా ఉన్న ఆ వారాల డబ్బు యాంటీడేట్ లేకుండా రానే రాదు. సాధారణ ఈఐ కింద మీ సగటు వారపు జీతంలో 55 శాతం ఇస్తారు. 2025లో దానికి గరిష్ఠ పరిమితి వారానికి 695 డాలర్లు. పది వారాలకు ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

చట్టం మిమ్మల్ని అడిగేది రెండే

ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ చట్టం 10వ సెక్షన్, 4వ ఉపవిభాగం ఈ వ్యవహారానికి మూలం. మీరు కోరుతున్న పాత తేదీ నాటికి మీకు అర్హత ఉండాలి. ఆ తేదీ నుంచి, దరఖాస్తు పెట్టిన రోజు వరకు, మొత్తం కాలానికి ఆలస్యానికి తగిన కారణం ఉండాలి. "మొత్తం కాలానికి" అన్న ఆ మాట కింద గీత గీసుకోండి.

తగిన కారణం అంటే ఏమిటో కోర్టులు చెప్పాయి. 1985లో ఆల్‌బ్రెక్ట్ కేసులో ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఒక కొలమానం పెట్టింది: మీ స్థితిలో ఉన్న వివేకం గల మనిషి తన హక్కులూ బాధ్యతలూ తెలుసుకోవడానికి ఏం చేసి ఉండేవాడో, మీరు అది చేశారా? 2011లో కేలర్ కేసులో అదే కోర్టు దాన్ని ఇంకా బిగించింది. అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప, అలాంటి మనిషి ఆలస్యం చేయకుండా విచారించుకుంటాడని చెప్పింది. ఇప్పటికీ అధికారులూ ట్రైబ్యునల్ సభ్యులూ ఈ రెండు తీర్పుల గుండానే మీ కేసును చూస్తారు.

దీని అర్థం మీకు రెండు దారులున్నాయని. ఒకటి, మీరు త్వరగా విచారించారు, విచారించిన చోట తప్పు సమాచారం దొరికింది లేదా అడ్డంకి వచ్చింది. రెండోది, విచారించే స్థితిలోనే మీరు లేరు. మీ కథ ఈ రెండింటిలో ఏ దారిలో పోతుందో ముందే తేల్చుకోండి. కొందరి విషయంలో మొదటి నెల ఒక దారి, తర్వాతి రెండు నెలలు మరో దారి అవుతాయి. అలా ఉన్నా తప్పేమీ లేదు.

ఏ కారణాలు నిలుస్తాయి, ఏవి నిలవవు

ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి.

"నాకు నియమం తెలియదు" అన్నది దానంతటదే నిలవదు. ఎంత నిజాయితీగా తెలియకపోయినా సరే. కొత్తగా దేశానికి వచ్చారు, ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇంతకుముందెప్పుడూ ఈఐ ముఖం చూడలేదు. ఇవన్నీ మీ స్థితిని వివరించడానికి పనికొస్తాయి, కాబట్టి రాయండి. వీటితోపాటు మీరు ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు అన్నది కూడా ఉంటేనే వీటికి బలం.

ఆర్‌ఓఈ రాలేదన్నది కూడా ఒంటరిగా నిలవడం కష్టం. ఆర్‌ఓఈ లేకుండానే దరఖాస్తు చేయమని సర్వీస్ కెనడా స్వయంగా చెబుతుంది. అయితే మీరు ఫోను చేసినప్పుడు వాళ్ల ఏజెంటే "ఆర్‌ఓఈ వచ్చాక చేయండి" అని ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. అధికారిక సంస్థను అడిగి, అది చెప్పినట్టు నడుచుకోవడం వివేకం గల మనిషి చేసే పనే.

సెవరెన్స్ ఉంది కదా అని ఆగడం, ప్రభుత్వం మీద ఆధారపడకుండా సొంతంగా ఉద్యోగం వెతుక్కుందామని ఆగడం మంచి మనసుకు గుర్తులే. ఆ ఆత్మగౌరవం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కోర్టులు మాత్రం దాన్ని తగిన కారణంగా ఒప్పుకోలేదు.

పీఆర్ భయం మనవాళ్లలో ఎక్కువ. ఈఐ సోషల్ అసిస్టెన్స్ కాదు, ప్రతి జీతంలోంచీ మీ ప్రీమియం కోసుకుని నడిపే బీమా. ఈ భయంతోనే ఆగిపోయి ఉంటే, ఆ మాట ఎవరి దగ్గర విన్నారు, నిజమో కాదో ఎక్కడైనా సరిచూసుకున్నారా అని అడుగుతారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారంటే చాలదు. ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ ఇచ్చిన రాతపూర్వక సలహా ఉంటే చూపండి.

భారతదేశంలో ఉన్నానన్నది కూడా అంతే. దూరంగా ఉండటం ఒక్కటే కారణం కాదు. అక్కడ నాన్నగారు ఐసీయూలో ఉన్నారు, మీరొక్కరే ఆసుపత్రిలో రాత్రింబవళ్లు ఉన్నారు అంటే అది వేరు, డిశ్చార్జి సమ్మరీ తెప్పించండి. కానీ ఆ సమ్మరీలోని తేదీలు మీ ఆలస్యంలో ఎన్ని రోజులను కప్పుతున్నాయో చూసుకోండి. ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి, తర్వాత మూడు నెలలు ఊళ్లో ఉన్నారంటే ఆ మూడు నెలల గురించే అడుగుతారు.

బాగా నిలిచేవి: మీ సొంత తీవ్ర అనారోగ్యం, ప్రమాదం, డాక్టరు నిర్ధారించిన మానసిక అనారోగ్యం, కుటుంబంలో మరణం వల్ల ఏ పనీ చేయలేని స్థితి, సర్వీస్ కెనడా ఇచ్చిన తప్పు సమాచారం.

అనారోగ్యం గురించి రెండు హెచ్చరికలు చేయాలి. ఉద్యోగం పోయాక కుంగిపోయి మంచం దిగలేదని రాసి, అదే కాలంలో ముప్పై కంపెనీలకు రెజ్యూమే పంపినట్టు చూపిస్తే, రెజ్యూమే పంపగలిగినవారు ఈఐ దరఖాస్తు ఎందుకు నింపలేకపోయారని అడుగుతారు. దీనికి నిజమైన జవాబు ఉండవచ్చు. కొన్ని రోజులు బాగుండి, కొన్ని రోజులు లేవలేని జబ్బులుంటాయి. ఆ జవాబును డాక్టరు ఉత్తరంలోనే ఉండేలా చూసుకోండి. ఇక రెండోది. దరఖాస్తు పెట్టలేనంత జబ్బుగా ఉన్నారంటే, ఆ వారాల్లో పనికి సిద్ధంగా లేరని కూడా అర్థం. సాధారణ ఈఐ పనికి సిద్ధంగా ఉన్నవారికే. అలాంటి వారాలకు సిక్‌నెస్ బెనిఫిట్స్ అడగాల్సి ఉంటుంది, దానికి 600 గంటలు కావాలి, గరిష్ఠంగా 26 వారాలు వస్తుంది. ఏ వారాలకు ఏది అడుగుతున్నారో ముందే విడదీసి రాస్తే మీ మాటలు ఒకదానికొకటి అడ్డం తగలవు.

తేదీల పట్టిక: కేసుకు ప్రాణం ఇదే

అప్పీలు ఫారం ముట్టుకోకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. పైన ఉద్యోగంలో చివరి రోజు, కింద దరఖాస్తు పెట్టిన రోజు రాయండి. మధ్యలో జరిగిన ప్రతి విషయం తేదీతో, పక్కనే దానికి రుజువుతో రాయండి. ఈ పట్టిక గొలుసులాంటిది, ఒక్క లంకె తెగినా మొత్తం చేతిలోంచి జారుతుంది.

మిసిసాగాలో గిడ్డంగిలో పనిచేసిన ఒకాయన పట్టిక ఇలా ఉందనుకుందాం. ఇది ఊహించి రాసినది, కానీ నిజమైన కేసులు ఇలాగే ఉంటాయి.

2025 మార్చి 14: చివరి రోజు. ఆర్‌ఓఈ రెండు వారాల్లో పంపిస్తామని మేనేజరు చెప్పాడు. రుజువు: లేఆఫ్ ఉత్తరం.
మార్చి 24: సర్వీస్ కెనడాకు ఫోను. ఆర్‌ఓఈ వచ్చాక దరఖాస్తు చేయమన్నారు. రుజువు: ఫోను బిల్లులో ఆ నంబరు, 41 నిమిషాల కాల్.
ఏప్రిల్ 9 నుంచి 21: రోడ్డు ప్రమాదం, ఆసుపత్రిలో శస్త్రచికిత్స. రుజువు: ఆసుపత్రి కాగితాలు.
ఏప్రిల్ 21 నుంచి జూన్ 6: ఇంట్లో విశ్రాంతి, మత్తు కలిగించే నొప్పి మందులు. రుజువు: ఫ్యామిలీ డాక్టరు ఉత్తరం, మందుల చీటీలు.
జులై 7: ఈఐ దరఖాస్తు.

చదువుతుంటే గట్టి కేసులా ఉంది. ఫోను చేశాడు, ఆసుపత్రిలో ఉన్నాడు, డాక్టరు ఉత్తరం ఉంది. అయితే జూన్ 6 నుంచి జులై 7 వరకు ఏమైంది? ఆ నెల రోజులకు పట్టికలో అక్షరం ముక్క లేదు. ఈ పట్టిక ఇలాగే వెళ్తే, ఆసుపత్రి రోజుల మీద ఎంతో సానుభూతి చూపిస్తూనే కేసు కొట్టేయవచ్చు.

ఆయన పాత ఈమెయిళ్లు వెతికితే జూన్ 10న, మళ్లీ జూన్ 19న, కంపెనీ హెచ్‌ఆర్‌కు ఆర్‌ఓఈ ఇంకా రాలేదని రాసిన మెయిళ్లు దొరికాయి. ఆర్‌ఓఈ జులై 4న చేరింది. మూడు రోజుల్లో దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు ఖాళీ పూడింది. మార్చి 24న సర్వీస్ కెనడా చెప్పిన మాటనే ఆయన చివరిదాకా పాటించాడని ఈ మెయిళ్లు చూపిస్తాయి. "జూన్‌లో మళ్లీ ఒకసారి ఫోను చేసి ఎందుకు అడగలేదు?" అన్న ప్రశ్న అప్పుడూ వస్తుంది. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి.

మీ పట్టికలో కూడా ఖాళీలు ఎక్కువగా చివర్లోనే ఉంటాయి. జబ్బు నయమైంది, ఊరి నుంచి తిరిగి వచ్చారు, అయినా రెండు మూడు వారాలు ఊరికే గడిచాయి. ఆ వారాల దగ్గరే కూర్చోండి. ఈమెయిల్, కాల్ హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోనులో ఫోటోల తేదీలు, విమానం టికెట్లు, వాట్సాప్ సందేశాలు అన్నీ తిరగేయండి. ఒక వారానికి ఎంత వెతికినా ఏ రుజువూ దొరకకపోతే అల్లి రాయకండి. అబద్ధపు ప్రకటనకు జరిమానా వేసే అధికారం ఈఐ క్లెయిములపై నిర్ణయం తీసుకునే ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ కమిషన్‌కు ఉంది. ఆ వారం నిజంగా ఏం జరిగిందో మీ మాటల్లో రాయండి. ప్రమాణం చేసి చెప్పిన మాట కూడా సాక్ష్యమే.

ఖాళీ మొదట్లో ఉంటే ఇంకో దారి ఉంది. మొదటి రెండు నెలలకు మీ దగ్గర కారణం లేదు, తర్వాతి కాలానికి గట్టి కారణం ఉంది అనుకోండి. కారణం మొదలైన తేదీకే యాంటీడేట్ అడగండి, ఆ తేదీ నాటికి మీ గంటలు సరిపోతేనే సుమా. మొత్తం అడిగి పూర్తిగా పోగొట్టుకునే బదులు, మొదటి తేదీ కుదరకపోతే ఈ రెండో తేదీ ఇవ్వమని అదే ఉత్తరంలో అడగవచ్చు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు.

డాక్టరు ఉత్తరం విషయంలో సిగ్గుపడకుండా అడిగి రాయించుకోండి. "ఈయనకు డిప్రెషన్ ఉంది" అన్న ఒక్క వాక్యం వల్ల ప్రయోజనం తక్కువ. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆ జబ్బు వల్ల ఫారాలు నింపడం, ఫోను చేసి మాట్లాడటం, నిర్ణయాలు తీసుకోవడం ఎంతవరకు సాధ్యం కాలేదో రాయమనండి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం జతచేయాలి.

మొదటి మెట్టు: రీకన్సిడరేషన్

తిరస్కరణ సంగతి మీకు తెలిసిన నాటి నుంచి 30 రోజుల్లోపు రీకన్సిడరేషన్ ఫారం, అంటే మళ్లీ పరిశీలించమని కోరే ఫారం, పంపాలి. నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లడం కుదరదు, ఈ మెట్టు ఎక్కాల్సిందే. సర్వీస్ కెనడా వెబ్‌సైటులో ఫారం ఉంటుంది, ఆఫీసుకు వెళ్లి కూడా ఇవ్వవచ్చు. వెళ్లి ఇస్తే మీ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోండి.

రుజువులన్నీ చేతికి వచ్చేదాకా ఫారం ఆపకండి. డాక్టరు ఉత్తరం రెండు వారాల్లో వస్తుందని ఫారంలోనే రాసి, ముందు ఫారం పంపేయండి. 30 రోజులు ఇప్పటికే దాటిపోయి ఉంటే, ఆలస్యానికి సహేతుకమైన వివరణ ఉందనీ, అడగాలన్న ఉద్దేశం మీకు మొదటి నుంచీ ఉందనీ చూపాలి. 365 రోజులు దాటితే షరతులు మరింత కఠినమవుతాయి.

ఫారంలో కారణం రాసే చోటు చిన్నదిగా ఉంటుంది. "జతచేసిన ఉత్తరం చూడండి" అని రాసి, ఒకటి రెండు పేజీల ఉత్తరం పెట్టండి. దాని నడక ఇలా ఉండాలి:

"నా క్లెయిమును 2025 మార్చి 16తో మొదలయ్యే వారం నుంచి లెక్కించమని కోరుతున్నాను. ఆ తేదీ నాటికి నాకు తగినన్ని గంటలున్నాయి. ఉద్యోగం పోయిన పదో రోజునే నేను మీ సంస్థకు ఫోను చేసి విచారించాను. ఆర్‌ఓఈ వచ్చాక దరఖాస్తు చేయమని నాకు చెప్పారు. ఏప్రిల్ 9 నుంచి జూన్ 6 వరకు ప్రమాదం వల్ల ఏ పనీ చేయగల స్థితిలో లేను. కోలుకున్న నాలుగో రోజునే ఆర్‌ఓఈ కోసం కంపెనీకి రాశాను. అది చేరిన మూడు రోజుల్లో దరఖాస్తు పెట్టాను. తేదీల పట్టిక, రుజువులు జతచేశాను."

ఇంతే. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, క్రెడిట్ కార్డు బాకీల గురించి ఇందులో లేదని గమనించండి. అవి నిజమైన బాధలే, కానీ డబ్బు ఎంత అవసరమన్నది చట్టం పెట్టిన ప్రశ్నకు జవాబు కాదు. పేజీ నిండా అవే ఉంటే అసలు విషయం వాటి కింద కప్పబడిపోతుంది.

ఫారం పంపాక ఒక అధికారి ఫోను చేయవచ్చు. ఆ ఫోను చాలా ముఖ్యం. మీరు చెప్పింది ఆయన తన మాటల్లో రాసుకుంటాడు, ఆ రాత ఫైలులోకి వెళ్లి చివరిదాకా మీ వెంట వస్తుంది. మీరు బస్సులోనో పనిలోనో ఉంటే, పట్టిక ముందు పెట్టుకుని మాట్లాడాలని చెప్పి మరో సమయం అడగండి. ఇంగ్లీషులో తడబడతారనిపిస్తే ఆ సంగతి అప్పుడే చెప్పండి. మాట్లాడటం పూర్తయ్యాక, ఏం రాసుకున్నారో ఒకసారి చదివి వినిపించమనండి. అడగడంలో తప్పులేదు. మీరు కూడా తేదీ, సమయం, అడిగిన ప్రశ్నలు రాసి ఉంచుకోండి.

రెండో మెట్టు: ట్రైబ్యునల్

రీకన్సిడరేషన్‌లోనూ కాదంటే, ఆ నిర్ణయం మీకు అందిన 30 రోజుల్లోపు సోషల్ సెక్యూరిటీ ట్రైబ్యునల్ జనరల్ డివిజన్‌కు అప్పీలు చేయాలి. ఈ దశకు ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ బోర్డ్ ఆఫ్ అప్పీల్‌ను తీసుకొచ్చేందుకు 2023లో చట్టం చేశారు. అందువల్ల అప్పీలు ఎక్కడికి పంపాలో మీకొచ్చిన నిర్ణయపు ఉత్తరంలోనే చూసి, అక్కడికే పంపండి. ట్రైబ్యునల్ విషయంలో ఏడాది దాటితే ఇక ఏ కారణం చెప్పినా అప్పీలు తీసుకోరు.

అప్పీలు నోటీసులో విచారణ ఎలా కావాలో మీరే ఎంచుకోవచ్చు: ఫోనులో, వీడియోలో, ఎదురుగా లేదా రాతపూర్వకంగా. రాతపూర్వక విచారణ సులభంగా కనిపిస్తుంది గానీ, ఈ తరహా కేసుల్లో నేను దాన్ని వద్దంటాను. మీరు చెప్పేది నమ్మదగినదా కాదా అన్నదాని మీదే కేసు నడుస్తుంది. విచారణ జరిపే ట్రైబ్యునల్ సభ్యుడికి సందేహం వస్తే అడిగి తెలుసుకునే వీలుండాలి. దుబాసీ కావాలంటే నోటీసులోనే తెలుగు అని రాయండి, ట్రైబ్యునలే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. ఆఫీసులో ఇంగ్లీషు బాగానే మాట్లాడేవారు కూడా ప్రశ్నల ఒత్తిడిలో తేదీలు తారుమారు చేస్తారు. మొహమాటపడి దుబాసీని వదులుకోవద్దు. అక్కా, బావా వచ్చి అనువదిస్తామన్నా ట్రైబ్యునల్ దుబాసీనే తీసుకోండి, మీ వాళ్లను సాక్షులుగా వాడుకోండి.

లాయరు లేనివారికి ట్రైబ్యునల్‌లో నావిగేటర్ అనే ఉద్యోగి సహాయం ఉంటుంది. కేసు ఎలా వాదించాలో ఆయన చెప్పడు, ఏ కాగితం ఎప్పుడు పంపాలో, ఏ దశలో ఏం జరుగుతుందో ఓపికగా వివరిస్తాడు. ఒంటారియోలో ఉంటే మీ ప్రాంతపు కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌కు ఫోను చేయండి. ఆదాయం తక్కువగా ఉన్నవారికి ఉచితంగా సలహా ఇస్తారు, కొన్ని క్లినిక్‌లు ఈఐ కేసులు తీసుకుంటాయి.

అప్పీలు నమోదయ్యాక మీకో పెద్ద ఫైలు వస్తుంది. పేజీల మూలన జీడీ3 అని ఉన్న భాగం కమిషన్ దగ్గరున్న మీ ఫైలు. జీడీ4 కమిషన్ వాదన. జీడీ3ని ప్రతి పేజీ చదవండి. మీ దరఖాస్తు, ఆర్‌ఓఈలతోపాటు అందులో అధికారులు మీతో ఫోనులో మాట్లాడాక రాసుకున్న నోట్సు ఉంటాయి. తిరస్కరణకు అసలు కారణం తరచూ ఆ నాలుగైదు వాక్యాల్లోనే దొరుకుతుంది. మీరు "ఆర్‌ఓఈ కోసం ఆగమన్నారు" అని చెప్పి ఉంటారు, నోట్సులో "ఆర్‌ఓఈ కోసం ఆగాలని అనుకున్నాడు" అని ఉంటుంది. ఎవరో చెప్పారన్న సంగతే పోయింది. అలాంటి చోట గుర్తు పెట్టి, పేజీ నంబరుతో సహా సరిదిద్దుతూ ట్రైబ్యునల్‌కు రాయండి.

ఎందుకింత పట్టింపు అంటే, తిరస్కరించాక చెప్పిన మాటల కంటే మొదట్లో సహజంగా చెప్పిన మాటలకు ఎక్కువ విలువ ఇవ్వడం ఇక్కడ అలవాటు. మొదట ఒక కారణం చెప్పి ఇప్పుడు కొత్తది చెబుతుంటే, మొదట ఎందుకు చెప్పలేదో మీరే ముందుగా వివరించాలి. మానసిక అనారోగ్యం గురించి ఫోనులో అపరిచితుడికి చెప్పలేకపోయానంటే అర్థం చేసుకోలేని సభ్యులు తక్కువ.

ఖాళీ సమయంలో ట్రైబ్యునల్ పాత నిర్ణయాలు చదవండి. అవి దాని వెబ్‌సైటులోనూ కాన్‌లీ అనే సైటులోనూ ఉచితంగా దొరుకుతాయి, దరఖాస్తుదారుల పేర్ల బదులు పొడి అక్షరాలు ఉంటాయి. యాంటీడేట్ అన్న మాటతో వెతకండి. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న ఒకటి రెండు కేసులు దొరికితే ఉత్తరంలో ప్రస్తావించండి. ఓడిన కేసులు కూడా చదవండి, మిమ్మల్ని ఏ ప్రశ్నలు అడుగుతారో అక్కడే తెలుస్తుంది.

విచారణ రోజు

సభ్యుడు ఒక్కరే ఉంటారు. కమిషన్ తరఫున సాధారణంగా ఎవరూ రారు. ముందు ప్రమాణం చేయిస్తారు. ఆ తర్వాత నేరుగా మొదటి ప్రశ్న: "చివరి రోజు తర్వాత ఏం జరిగిందో చెప్పండి."

పట్టిక చూస్తూ వరుసగా చెప్పండి. అడిగినదానికే జవాబివ్వండి. గుర్తులేకపోతే గుర్తులేదని చెప్పండి. ఏ తేదీనైనా అందాజుగా చెబుతుంటే అందాజు అనే చెప్పండి. "వెబ్‌సైటు చూశారా?", "దగ్గరలోని సర్వీస్ కెనడా ఆఫీసుకు వెళ్లారా?", "ఎందుకు వెళ్లలేదు?" ఈ మూడూ దాదాపు తప్పవు. నిరూపణకు ఇక్కడ నేరవిచారణ స్థాయి అక్కర్లేదు. మీరు చెప్పింది జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. నిర్ణయం తర్వాత రాతపూర్వకంగా వస్తుంది.

ఓడితే 30 రోజుల్లోపు ట్రైబ్యునల్‌లో పై మెట్టయిన అప్పీల్ డివిజన్‌లో అప్పీలు చేసుకునేందుకు అనుమతి కోరవచ్చు. అక్కడ కేసు మళ్లీ మొదటి నుంచి వినరు. విచారణ న్యాయంగా జరగలేదు, చట్టాన్ని తప్పుగా అన్వయించారు, ముఖ్యమైన వాస్తవాన్ని పొరపాటుగా చూశారు, తన అధికార పరిధి మీరారు లేదా నిర్ణయించాల్సినది వదిలేశారు; ఇలాంటి తప్పు చూపాలి. కొత్త రుజువులు సాధారణంగా తీసుకోరు. డాక్టరు ఉత్తరం మొదటి విచారణకే తెచ్చుకోవాలని ఇంతగా చెప్పడం అందుకే.

యాంటీడేట్ ఇచ్చాక

తేదీ వెనక్కి జరిగినంత మాత్రాన డబ్బు దానంతటదే రాదు. ఆ పాత వారాలన్నిటికీ రిపోర్టులు నింపాలి. ప్రతి వారం ఎంత సంపాదించారు, పనికి సిద్ధంగా ఉన్నారా, కెనడాలోనే ఉన్నారా అని అడుగుతారు. ఆ రోజుల్లో ఉద్యోగం వెతికిన ఆధారాలు అడగవచ్చు, అందుకే ఈమెయిళ్లు తీసేయకండి. సెవరెన్స్ లెక్కలోకి వచ్చే వారాలకు డబ్బు రాకపోవచ్చు. భారతదేశంలో ఉన్న రోజులకు సాధారణ ఈఐ రాదు. దగ్గరి బంధువు తీవ్ర అనారోగ్యంతో ఉంటే చూడటానికో, అంత్యక్రియలకో వెళ్తే వరుసగా 7 రోజుల వరకు మినహాయింపు ఉంది, అది కూడా మీరు పనికి అందుబాటులో ఉంటేనే. పాస్‌పోర్టు ముద్రలు, బోర్డింగ్ పాసులు చూసి, వెళ్లిన తేదీలూ వచ్చిన తేదీలూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. రిపోర్టులు నింపుతుండగా ఏ వారం ఎలా రాయాలో తెలియకపోతే, ఆ వారం వదిలేసి ముందుకు వెళ్లకుండా సర్వీస్ కెనడాకు ఫోను చేయండి. ఎవరితో, ఏ రోజు మాట్లాడారో ఈసారి కూడా రాసి పెట్టుకోండి.